నీళ్లొస్తే చాలునా పాలమూరుకు?

(ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. అన్న చాలాకాలంగా హైదరాబాద్‌లోని బల్కంపేటలో కోచింగ్ పిల్లలకు హాస్టల్ నడుపుతున్నాడు. తమ్ముడు నాగర్‌కర్నూల్ జిల్లాలో కల్వకుర్తి ఎత్తిపోతల కాలువ కింద సేద్యం చేస్తున్నాడు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, అంటే పాలమూరు, లేచి నిలబడుతుందా, నిలబడితే దేని మీద నిలబడుతుంది అన్నదే వీళ్ల వాదం.)

తమ్ముడు: అన్నా, నువ్వు ఊరు విడిచిన నాటి పాలమూరునే మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నావు. అప్పుడు దసరా దాటితే ఊళ్లో ముసలివాళ్లు, బడిపిల్లలు తప్ప ఎవరూ మిగిలేవాళ్లు కాదు. గుంపు మేస్త్రి అడ్వాన్సు చేతిలో పెట్టి పేర్లు రాసుకునేవాడు. నారాయణపేట, కోస్గి వైపు నుంచి బొంబాయికీ పుణెకీ బస్సులు నిండిపోయేవి. ఇవాళ మన చెరువు యాసంగిలో కూడా ఎండటం లేదు. కాలువ నీళ్లు చెరువులోకి దించారు, చెరువు నిండితే చుట్టూ బోర్లు పోస్తున్నాయి. ఆముదం, జొన్న తప్ప ఎరగని చల్కల్లో వరి కోస్తున్నాం. నాట్లకు బీహార్ నుంచీ బెంగాల్ నుంచీ ముఠాలు వస్తున్నాయి. కైకిలి కోసం పరాయి రాష్ట్రం పోయిన ఊరికే ఇప్పుడు పరాయి రాష్ట్రంవాళ్లు కైకిలికి వస్తుంటే, లేవలేదని ఎట్లా అంటావు?

అన్న: కాలువ కింద ఉన్నవాళ్లు లేచారు, కాదనను. కానీ నా హాస్టల్లో ఉండే పిల్లల్లో కాలువ కింది ఊళ్లవాళ్లు తక్కువేం లేరు. వాళ్ల నాన్నలు రెండు పంటలు తీస్తున్నారు. ఆ డబ్బుతోనే ఫీజులు కట్టి ఇక్కడికి పంపుతున్నారు. నీళ్లు తండ్రిని ఊళ్లో నిలబెట్టాయి. కొడుకును నిలబెట్టలేకపోయాయి. ఒక ప్రాంతం బతికి బట్టకట్టిందని నేను ఎప్పుడంటానంటే, ఇరవై రెండేళ్ల పిల్లవాడికి అక్కడే ఉండటానికి ఒక కారణం దొరికినప్పుడు.

తమ్ముడు: ఆ పిల్లవాడు పోవడమూ, మన నాన్నలు పోవడమూ ఒకటేనా? పెద్దనాయన అప్పు తీర్చడానికి పోయాడు. మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా వెనక్కి రావడం ఆయన చేతుల్లో లేదు. నీ హాస్టల్ పిల్లవాడు కోర్సు నచ్చకపోతే బ్యాగు సర్దుకుని ఇంటికి రాగలడు. తిరిగి రాగలిగే ఇల్లు ఉండటం చిన్న సంగతి కాదు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ పెట్టి హాస్టళ్లు ఖాళీ చేయమన్నప్పుడు ఈ అమీర్‌పేట, ఎస్సార్ నగర్ పోలీస్ స్టేషన్ల ముందు పిల్లలంతా పాసుల కోసం బారులు తీరారు కదా. ఎక్కడికి పోవడానికి? ఊరికే. ఆ ఏడాది ఊరు వాళ్లందరికీ అన్నం పెట్టింది. ఎందుకు పెట్టగలిగింది? చెరువులో నీళ్లున్నాయి కాబట్టి.

అన్న: ఆ నెలలు నాకూ గుర్తున్నాయి. ఊరు లేకపోతే ఏమయ్యేవాళ్లో అని నేనూ అనుకున్నాను. కానీ కష్టమొచ్చినప్పుడు తలదాచుకునే చోటు వేరు, బతుకు కట్టుకునే చోటు వేరు. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై మూడు జిల్లాలుంటే మనదే అట్టడుగు. నలభై లక్షల మంది ఉన్న జిల్లా అది. ఇద్దరిలో ఒకరికి దాదాపు చదువు లేనట్టే. రెండు పెద్ద నదుల ఒడ్డున ఉన్న జిల్లాకు నీళ్లు లేకపోవడం ఎంత అన్యాయమో, హైదరాబాద్ పక్కనే ఉన్న జిల్లాకు చదువు లేకపోవడం అంతకన్నా పెద్ద అన్యాయం. మనవాళ్లు మొదటిదాని మీదే ఉద్యమాలు చేశారు. రెండోదాని మీద ఎవరూ రోడ్డెక్కలేదు.

తమ్ముడు: రోడ్డెక్కలేదంటే ఎక్కే ఓపిక లేక. కడుపు నిండనిదే బడి గుర్తుకు రాదు. ఏడాదిలో ఎనిమిది నెలలు తల్లిదండ్రుల వెంట పుణె సైట్లలో తిరిగే పిల్లవాడు ఏ బడిలో కూర్చుంటాడు? చదువు లేక వలస పోలేదన్నా, వలస పోయి చదువు పోయింది. ఆ వలస ఎందుకొచ్చింది? హైదరాబాద్ రాష్ట్రంలో ఎగువ కృష్ణ ప్రాజెక్టు అనుకున్నప్పుడు మన జిల్లాకు నీళ్లు అందులో ఉన్నాయి. 1956లో రాష్ట్రాల సరిహద్దులు మారాయి, ఆ నీళ్లు అటే ఆగిపోయాయి. హైదరాబాద్ రాష్ట్రం విడిపోకపోతే ఈ ప్రాంతానికి నీళ్లు అందేవని, కృష్ణ నీళ్ల వాటాలు తేల్చిన బచావత్ ట్రిబ్యునలే గుర్తించి, జూరాలకు 17.84 టీఎంసీలు ఇచ్చింది. ఆ జూరాలకు 1981లో రాయి వేస్తే డ్యామ్ నిండటానికి 1990లు సగం గడిచాయి. రాజోలిబండ మళ్లింపు కాలువ కింద 87,500 ఎకరాలు పారాలని కాగితాల మీద ఉంది. ఆలంపురం రైతును అడుగు, చివరి భూములకు ఎప్పుడైనా నిండుగా వచ్చాయేమో. ఇంకోటి చెప్తాను. 1981లో శ్రీశైలం జలాశయం నింపినప్పుడు కొల్లాపూర్ వైపు ఊళ్లు ఊళ్లే మునిగాయి. ఆ ముంపువాళ్లు జీవో 98 కింద ఇస్తామన్న ఉద్యోగాల కోసం ఏళ్లకేళ్లు తిరిగారు. ఇవాళ మన పొలానికి వచ్చే నీళ్లు ఆ జలాశయం నుంచి ఎత్తినవే. ఎల్లూరు, జొన్నలబొగడ, గుడిపల్లిగట్టు, మూడు అంచెలెక్కి వస్తాయి. మన ఊళ్లు ముంచిన నీళ్లు మన పొలం చేరడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. ఇప్పుడు వచ్చాక, నీళ్లతో ఏమవుతుంది అని నువ్వు అడుగుతున్నావు.

అన్న: ఏమీ కాదని నేననలేదు. నీళ్ల మీదే అన్ని ఆశలూ పెట్టుకోవద్దంటున్నాను. ఎందుకంటే ఇవి పారే నీళ్లు కావు, ఎత్తే నీళ్లు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకం తీసుకో. 2015 జూన్‌లో కర్వెన దగ్గర శంకుస్థాపన చేశారు. అప్పటి అంచనా 35,200 కోట్లు, పారించాలనుకున్నది పన్నెండు లక్షల ఎకరాలకు పైగా. 2023 సెప్టెంబర్‌లో నార్లాపూర్‌లో మొదటి పంపు స్విచ్ వేశారు. ఎనిమిదేళ్లు దాటాక ఒక పంపు! అదీ ఎన్నికల ముందు. కాలువలు అప్పటికి పూర్తి కాలేదు. అక్కడ ఒక్కో పంపు 145 మెగావాట్లది. జూరాల డ్యామ్ దగ్గరి విద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యమే 234. అంటే ఇక్కడ రెండు పంపులు తిరిగితే అక్కడ నది మొత్తం తిప్పిన కరెంటు చాలదు. ఇక పంపుహౌస్‌లు మునగడం చూశావు. 2020 అక్టోబర్‌లో ఎల్లూరు మునిగింది, 2024 సెప్టెంబర్‌లో వట్టెం మునిగింది. ఎగువన కర్ణాటకతో, దిగువన ఆంధ్రతో వాటాల వాదన ఇంకా తెగలేదు. ప్రతి యాసంగీ ఎవరో స్విచ్ వేయాలి, ఎవరో బిల్లు కట్టాలి, ఎవరో ఒప్పుకోవాలి. ఇంతమంది దయ మీద నడిచే సేద్యాన్ని నమ్మి పిల్లవాణ్ని ఊళ్లో ఉండమని నేను చెప్పలేను.

తమ్ముడు: ఇదే లెక్క హైదరాబాద్‌కు వేయి. ఈ నగరం తాగే నీళ్లలో ఎక్కువ భాగం కృష్ణ నుంచీ గోదావరి నుంచీ పంపులతో ఎత్తి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో తెచ్చినవి. ఆ కరెంటు బిల్లు గిట్టుబాటవుతుందా అని ఒక్కరైనా అడిగారా? నగరానికి నీళ్లు హక్కు. పాలమూరుకు వచ్చేసరికి ఎకరానికి ఎంత ఖర్చు, ఎంత రాబడి అని పట్టిక గీస్తారు. డెబ్బై ఏళ్లు ఆలస్యం చేసినవాళ్లే, ఇప్పుడు ఖర్చు పెరిగింది కాబట్టి వద్దంటే ఎట్లా?

అన్న: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నగరానికి ఒక లెక్క, మనకు ఒక లెక్క ఉన్న మాట నిజం.

తమ్ముడు: ఒప్పుకున్నావు కదా.

అన్న: ఒప్పుకున్నాను. కానీ అన్యాయం జరిగిందని తేలితే దారి దొరికినట్టు కాదు. నీకు నా హాస్టల్ సంగతి చెప్తాను. ఒక గదిలో ముగ్గురు. మంచం కింద ట్రంకు పెట్టె, కిటికీలో పల్లీపొడి డబ్బా, గోడకు అతికించిన టైమ్ టేబుల్. పొద్దున ఆరింటికి కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం వైపు నడుచుకుంటూ పోతారు. ఒకప్పుడు జావా, ఒరాకిల్ అన్నారు, ఇప్పుడు క్లౌడ్ అంటున్నారు, డేటా సైన్స్ అంటున్నారు. కోర్సు పేరు మారుతుంది, పిల్లవాడి ఇంటి నుంచి వచ్చే ఫోన్ మాత్రం మారదు: "ఏమైంది బిడ్డా, ఏమన్నా వచ్చిందా?" వీళ్లలో ఒకడికి ఉద్యోగం వచ్చిందనుకో. మొదటి ఏడాదిలోనే తండ్రి బయటి అప్పు తీరుతుంది. రెండో ఏడాదికి చెల్లెలు నర్సింగో, బీటెక్కో చేరుతుంది. మూడో ఏడాదికి ఊళ్లో స్లాబ్ పడుతుంది. ఒక కుటుంబం పైకి రావడానికి ఇంతకన్నా దగ్గరి దారి నేను చూడలేదు. పన్నెండు లక్షల ఎకరాల గురించి నువ్వు చెప్తావు. నేను ఒక్కో ఇంటి గురించి చెప్తున్నాను.

తమ్ముడు: ఉద్యోగం రానివాడి మూడో ఏడాది కూడా చెప్పన్నా.

అన్న: చెప్తాను. దాచను. ఎక్కువ మందికి అనుకున్న ఉద్యోగం రాదు. కొందరు కాల్ సెంటర్‌కు పోతారు, కొందరు బండి మీద భోజనం డెలివరీ చేస్తారు, కొందరు ఇంకో కోర్సు అంటారు. ఇంటికి మాత్రం నిజం చెప్పరు. పండక్కి పోవడం తగ్గిస్తారు. నేను కిరాయి అడగలేని నెలలు ఉంటాయి. కానీ వాళ్లు కూడా ఊరికి తిరిగి పోరు, చూశావా? ఓడిపోయినవాడు కూడా ఇక్కడే ఉంటున్నాడంటే, అక్కడ ఏదో లేదు. అది నీళ్లు కాదు.

తమ్ముడు: అక్కడ లేనిది మర్యాద. సేద్యం చేసేవాడికి పిల్లనివ్వరు. అంతకంటే మించి, చేతిలో నెలనెలా పడే పైసలు లేవు. అది నేనూ ఒప్పుకుంటాను. అందుకే నీళ్ల తర్వాత ఫ్యాక్టరీలు రావాలంటున్నాను. దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల బ్యాటరీల గిగా ఫ్యాక్టరీ వస్తోంది. 2022 డిసెంబర్‌లో ఒప్పందం, 2023 మేలో శంకుస్థాపన, పదేళ్లలో 9,500 కోట్లు పెడతామన్నారు, 4,500 మందికి నేరుగా ఉద్యోగాలన్నారు. 44వ నంబర్ హైవే జిల్లా పొడుగునా పోతోంది. 2023 అక్టోబర్‌లో జక్లేర్–కృష్ణ లైను ప్రారంభమైంది, నారాయణపేట జిల్లాలో కొన్ని ప్రాంతాలు మొదటిసారి రైలు పటం ఎక్కాయి. రాయలసీమలో పెనుకొండ చూడు. అనంతపురం అంటే కరువనేవాళ్లు. గొల్లపల్లి రిజర్వాయర్‌కు హంద్రీనీవా నీళ్లు చేరాయి, 2017లో కియా ఒప్పందం చేసుకుంది, 2019లో మొదటి కారు బయటికి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ అది. నీళ్లు లేని చోటికి ఏ ఫ్యాక్టరీ రాదు. నీళ్లు వస్తే పంట ఒక్కటే రాదు.

అన్న: ఫ్యాక్టరీ వస్తుంది, సరే. ఎవరి భూమిలో? పోలేపల్లి పేరు నువ్వెత్తలేదు, నేనెత్తుతాను. జడ్చర్ల దగ్గర సెజ్ కోసం భూములు తీసుకున్నప్పుడు రైతులకు ఇచ్చిన పరిహారం ఎంత తక్కువో జిల్లా అంతటికీ తెలుసు. అసైన్డ్ భూమి అన్నారు, పట్టా భూమి అన్నారు, దేనికీ సరైన ధర కట్టలేదు. 2008 ఉప ఎన్నికలో ఆ ఊరి రైతులు పార్టీల మీద కోపంతో తామే నామినేషన్లు వేసి నిలబడ్డారు. మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి. భూమి పోయినవాళ్లు ఆ గేట్ల ముందే కాంట్రాక్టు పనికి నిలబడ్డారు. పదిహేనేళ్లు దాటాక, 2024 నవంబర్‌లో కొడంగల్ దగ్గర లగచర్లలో ఏమైంది? ఫార్మా కోసం భూములంటే, అభిప్రాయం అడగడానికి వచ్చిన అధికారుల మీద ఊరు తిరగబడింది. గిరిజన తండాలవాళ్లు జైలుకు పోయారు. చివరికి ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నారు, తర్వాత పారిశ్రామిక పార్కు అన్నారు. అదీ ముఖ్యమంత్రి నియోజకవర్గంలో. ఆయనదీ ఈ జిల్లానే, వంగూరు మండలం. మనల్ని ఎవరూ పట్టించుకోలేదు అనే పాత ఫిర్యాదు అక్కడ చెల్లదు. పట్టించుకున్నప్పుడు కూడా ఊరి మనిషిని ముందు అడగలేదు. అసలు గొడవ అక్కడుంది.

తమ్ముడు: నేను లగచర్ల పోయి చూశాను. రెండెకరాలున్న మనిషి చెప్పాడు, "ఇంత పైసలిస్తమంటున్నరు, ఆ పైసలతో మళ్ల రెండెకరాలు యాడ కొనాలె?" అని. ఆయన మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. భూమికి బదులు భూమి, లేకపోతే ఫ్యాక్టరీలో వాటా, లేకపోతే తరతరాల కిరాయి, ఇట్లాంటివి చట్టంలో రాసి ఇస్తే జనం ఎదురు తిరగరు. ఎదురు తిరిగేది ఫ్యాక్టరీ మీద కాదు, ఆ పద్ధతి మీద.

అన్న: పద్ధతి సరే, పని ఎవరికి? ఇటలీలో ఇదే జరిగింది. దక్షిణాది వెనకబడిందని 1950లో పెద్ద నిధి పెట్టారు, మూడు దశాబ్దాలకు పైగా దాన్ని నడిపారు. మొదట కాలువలు, రోడ్లు వేశారు. తర్వాత తారంతోలో ఉక్కు ఫ్యాక్టరీలాంటి పెద్దపెద్దవి కట్టారు. చుట్టూ చిన్న పరిశ్రమ పుట్టలేదు. అక్కడివాళ్లే వాటిని ఎడారిలో కట్టిన గుడులన్నారు. యువకులు మాత్రం ఉత్తరాది మిలాన్‌కు, టురిన్‌కు పోతూనే ఉన్నారు. నా భయం అదే. బ్యాటరీ ఫ్యాక్టరీలో ఇంజనీరు బయటి నుంచి వస్తాడు, కాపలా మనవాడు కాస్తాడు.

తమ్ముడు: అందుకే స్థానికులకు ముందు పని నేర్పాలంటాను. వనపర్తి కోటలో 1959 నుంచీ పాలిటెక్నిక్ నడుస్తోంది. దాని పక్కన అరవై ఏళ్లుగా ఒక పెద్ద పరిశ్రమ రాలేదు. డిప్లొమా చేసినవాడు చేసినట్టే హైదరాబాద్‌లో బాలానగర్‌కో సనత్‌నగర్‌కో బస్సెక్కాడు. చదువు ఉంటే చాలన్న నీ వాదానికి ఆ కోటే జవాబు.

అన్న: (కొంచెం ఆగి) అది గట్టి మాటే. చదువు ఒక్కటే ఉంటే చదివినవాణ్ని బయటికి పంపుతుంది. నేను చూస్తున్నదీ అదే. కానీ నీ వరి కూడా అట్లాంటిదే తమ్మీ. ప్రభుత్వం కొంటే ఉంది, కొనకపోతే లేదు. కొల్లాపూర్ మామిడి అంత పేరున్నది, లారీలెక్కి హైదరాబాద్ మార్కెట్‌కు పోతుంది, అక్కడ కమీషన్ ఏజెంటు చెప్పిందే ధర. వనపర్తి పల్లీ బస్తాల్లో బయటికి పోతుంది, నూనె, చిక్కీ ఇంకెక్కడో అవుతాయి. అన్నిటికన్నా గద్వాల సీడ్ పత్తి చూడు. దేశంలో పత్తి విత్తనం పండే పెద్ద కేంద్రాల్లో ఒకటి. ఎంత పని అది! సాయంత్రం ఆడ సాళ్లలో మరునాడు విచ్చుకునే మొగ్గను వెతికి, గోటితో పైరేకులూ పుప్పొడి కాడలూ గిల్లి, గుర్తు పెడతారు. తెల్లారి మగ సాళ్ల పూలు తెచ్చి ఒక్కోదానికీ పుప్పొడి అద్దుతారు. ఒక్క పొలంలో నెలల తరబడి, రోజూ, మొగ్గ మొగ్గకీ. వేళ్లు సన్నగా ఉంటాయని, చెట్టు ఎత్తుకు సరిపోతారని బడి మాన్పించి ఆడపిల్లల్ని ఆ పనిలో పెట్టారు. విత్తనం మీద కంపెనీ పేరుంటుంది. రైతుకూ కంపెనీకీ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు, అప్పు ఆయనే ఇస్తాడు. పరీక్షలో ఫెయిలయిందంటే రైతు నోరు మెదపలేడు, చేతిలో ఒప్పందం కాగితం ఉండదు. నీళ్లున్నాయి, పనుంది, నైపుణ్యం ఉంది, దేశమంతటా గిరాకీ ఉంది. అన్నీ ఉండి కూడా గద్వాల రైతు అప్పుల్లోనే ఉన్నాడు. ఎందుకు?

తమ్ముడు: కాగితం లేదు కాబట్టి. నువ్వే చెప్పావు.

అన్న: అవును, కాగితం లేదు కాబట్టి.

తమ్ముడు: అయితే ఆ మాట మన ఇంటి దాకా తీసుకొస్తాను, కోపం తెచ్చుకోవద్దు. మన ఊళ్లో నీ ఐదెకరాలు నేనే దున్నుతున్నాను. 2018లో రైతుబంధు మొదలైంది, పంటకు ఎకరానికి నాలుగు వేలన్నారు, తర్వాత ఐదు వేలయింది, ఇప్పుడు రైతు భరోసా అని ఏడాదికి పన్నెండు వేలు. అది నీ ఖాతాలో పడుతుంది, బల్కంపేటలో. రైతుబీమా నీ పేరు మీదే. పంట నష్టం రాసుకోవడానికి వస్తే పట్టాలో నీ పేరు చూసి పోతారు. విత్తనం, ఎరువు, దుక్కి, కాపలా, నష్టం నావి. బ్యాంకు నాకు పంట అప్పు ఇవ్వదు, బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తాను. పాలమూరులో ఇట్లా ఎంతమంది లేరు? కాలువ వచ్చింది. కాలువతో భూమి ధర పెరిగింది. ధర పెరిగితే లాభం పట్టాదారుది. దున్నేవాడికి కౌలు పెరిగింది, అంతే. కాలువ గట్టు వెంబడి రాళ్లు పాతి వెంచర్లు వేస్తున్నారు, నీళ్లు పారాల్సిన ఆయకట్టు ప్లాట్లవుతోంది. కొనేవాళ్లు ఎవరు? హైదరాబాద్‌లో ఉండేవాళ్లు. పాలమూరు లేస్తుందా అని నువ్వు అడిగావు. లేచినా అది నా కింద నుంచి లేచిపోతుందేమోనని నా భయం.

అన్న: నేనేం దొరను కాదు తమ్మీ. ఆ ఐదెకరాలు నాన్న బొంబాయిలో రాళ్లు మోసి నిలబెట్టుకున్నవి. నేను మంచాల మీద కిరాయి వసూలు చేసుకుని బతుకుతున్నాను, ఆ ఇల్లు కూడా నాది కాదు. రేపు హాస్టల్ మూతపడితే నాకున్నది ఆ చెక్కే. నెల కిందట వెంచర్ వాళ్లు వచ్చి ధర చెప్పారు. నాన్న జన్మంతా సంపాదించినదానికి ఎన్నో రెట్లు. నీ వదిన ఆసుపత్రి ఖర్చులున్నాయి, పిల్ల పెళ్లుంది. అయినా అమ్మలేదు, చూశావా? నువ్వు దున్నుతున్నావనే అమ్మలేదు.

తమ్ముడు: అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే అడుగుతున్నాను. కౌలు కాగితం రాసివ్వు. 2011 చట్టంతో కౌలురైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు, ఆ కార్డుతో భూమి మీద హక్కేదీ రాదని అందులోనే ఉంది. ఇప్పుడు ఆ కార్డుల ఊసే లేదు. ప్రభుత్వం ఇవ్వనప్పుడు అన్నయినా రాసివ్వాలి కదా.

అన్న: చట్టంలో ఏముందో నాకు అర్థం కాదు. 1950 కౌలుదారీ చట్టం, కౌలుదారుకు భూమి మీద హక్కు ఇచ్చే 38-ఈ సర్టిఫికెట్లు, ఆ కేసులు మాత్రం మన ఊళ్లో చూశాను. రెండు తరాలు కోర్టుల చుట్టూ తిరిగిన ఇళ్లు నాకు తెలుసు. కాగితం అనగానే నాకే కాదు, ఊళ్లో పట్టా ఉన్న ప్రతివాడికీ గుండెలో రాయి పడుతుంది. నీ మీద నమ్మకం లేక కాదు. నీ తర్వాత నీ కొడుకు, నా తర్వాత నా బిడ్డ ఏమంటారో.

తమ్ముడు: ఆ భయం నిజమే, ఊరికే కొట్టిపారేయను. దున్నేవాడికి హక్కు ఇవ్వడానికి తెచ్చిన చట్టం, డెబ్బై ఏళ్ల తర్వాత దున్నేవాడికి కాగితం దక్కకుండా చేస్తోంది. దీనికి నువ్వూ నేనూ బాధ్యులం కాదు. కానీ పదేళ్లకు రాసిస్తే రెండెకరాల్లో మామిడి పెడతాను, డ్రిప్పు వేస్తాను, చెట్ల మధ్య కూరగాయలు పండిస్తాను. ఊళ్లో ఇంకో నలుగురం కలిస్తే పండు మేమే గ్రేడింగ్ చేసి పంపొచ్చు. నీ హాస్టల్లో ఉద్యోగం రాక తిరుగుతున్న పిల్లవాడు ఒకడు వచ్చి లెక్కలు చూసుకున్నా చాలు. నువ్వు అడిగావు కదా, ఇరవై రెండేళ్లవాడికి ఉండటానికి కారణం కావాలని.

అన్న: పదేళ్లు చాలా దూరం. ఒక సంవత్సరానికైతే ఇవాళే రాస్తాను. భరోసా డబ్బు ఇక నువ్వే తీసుకో, అందులో మాట లేదు. మూడేళ్లంటే నీ వదినతో మాట్లాడాలి. వెంచర్ వాళ్లకు ఉగాది లోపల ఏదో ఒకటి చెప్పాలి కూడా.

తమ్ముడు: మూడేళ్లలో మామిడి కాపుకు రాదన్నా, డ్రిప్పు అప్పు తీరదు. సంవత్సరం కాగితానికి నేను వేయగలిగింది వరి ఒక్కటే. నువ్వేమో వరిని నమ్మలేనన్నావు.